ఒక్కపొద్దు నాటి నొప్పి

ఇది నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్నా అందులో కూడా రాయలేదు. వెన్ను ఆపరేషన్ అయిన సాయంత్రం నర్సు నా చేతి గొట్టంలోకి ఎక్కించిన సూదిమందు నాకు నచ్చింది.

నొప్పి తగ్గింది కాబట్టి నచ్చిందంటే ఎవరైనా ఒప్పుకుంటారు. నాకు నచ్చింది అందుకు కాదు. నొప్పి తగ్గడం తర్వాత సంగతి. ముందు భయం పోయింది. చిన్నప్పటి నుంచీ నాతోనే ఉన్న భయం. క్లాసులో పేరు పిలిస్తే గొంతు ఎండిపోవడం, కంపెనీ బస్సులో ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగితే చదువుతున్న నవలను చున్నీ కింద దాచుకోవడం, కిరాణా కొట్టు ముందు నా తర్వాత వచ్చినవాళ్ళు కూడా సామాను తీసుకుని వెళ్ళిపోతున్నా నోరు తెరవలేక నిలబడటం. మీద కప్పిన తడి దుప్పటి ఎవరో లాగేసినట్టు అదంతా పోయింది. నేను నర్సుతో మాట్లాడటం మొదలుపెట్టాను. ఆమెది ఏ ఊరని అడిగాను. జడ బాగుందన్నాను. నేను చదివిన ఒక నవల కథ సగం దాకా చెప్పాను. ఆమె సెలైన్ సరిచేస్తూ నవ్వుతూ వింది. ఈ గొంతు నాదేనా అనుకుంటూ నేనూ విన్నాను.

మందు బలం తగ్గాక నొప్పి తిరిగి వచ్చింది, భయమూ వచ్చింది. కానీ ఆ రెండింటికంటే ముందు ఇంకొకటి వచ్చింది. ఆ సూది మళ్ళీ ఎప్పుడు వేస్తారు అన్న ఆలోచన. పక్కన స్టూలు మీద కునుకుతున్న అమ్మను కాదు, తలుపును చూస్తున్నాను. నర్సు చెప్పుల చప్పుడు కోసం చూస్తున్నాను. అలా చూస్తుండగానే నాకు మా మామ గుర్తొచ్చాడు.

మామ మా అమ్మకు తమ్ముడు. గౌడవెల్లిలో ఉంటాడు. ఒకప్పుడు ద్రాక్ష తోటలున్న చోట ఇప్పుడు లేస్తున్న ఇళ్ళకు సెంట్రింగ్ కొడతాడు. కరోనాకు ముందు రోజూ పని దిగగానే కల్లు కంపౌండుకు పోయేవాడు. అక్కడ అమ్మేది చెట్టు నుంచి దించిన కల్లు కాదు. నీళ్ళలో మత్తు పొడి కలిపి చేసే మందు కల్లు. ఆ సంగతి అందరికీ తెలుసు. ఒళ్ళు నొప్పులు పోతాయని ఆడవాళ్ళు కూడా తెప్పించుకునేవాళ్ళు. ఎవరూ తప్పు పట్టేవారు కాదు. కరోనాకు అన్నీ మూసినప్పుడు కంపౌండు కూడా మూసేశారు. అప్పుడు మేం గౌడవెల్లిలోనే ఉన్నాం. మామ చేతులు చాయ్ గ్లాసు నోటిదాకా తెచ్చుకోలేనంతగా వణకడం నేను చూశాను. గోడ మీద లేని చీమల్ని ఏరుతూ కూర్చునేవాడు. నన్ను చూసి ఎప్పుడో పోయిన వాళ్ళమ్మ అనుకుని, ఎప్పుడొచ్చినవే అని పలకరించాడు. తర్వాత ఫిట్స్ వచ్చాయి. నాలుక కొరుక్కున్నాడు. నాయిన, ఇంకా వాడకట్టు మగవాళ్ళు కలిసి తువ్వాళ్ళతో మంచానికి కట్టేస్తే, ఒక్క సీస, ఒక్క సీస అంటూ తలుపునే చూశాడు. పట్నంలో పెద్ద దవాఖానలో ఉంచి తీసుకొచ్చాక మళ్ళీ ముట్టలేదు. కానీ ఆ చూపు నేను మరిచిపోలేదు. ఇప్పుడు నేను తలుపును చూస్తున్నది ఆ చూపుతోనే అనిపించింది.

మరునాడు మత్తు డాక్టరమ్మ వచ్చింది. ఆపరేషన్ ముందు మత్తు ఇచ్చేదీ, తర్వాత నొప్పి చూసేదీ ఆమే.

"ఎలా ఉందమ్మా? నిన్నటి ఇంజెక్షన్ పనిచేసిందా?"

"వాంతులవుతున్నయి మేడం. అది వద్దు."

కొంచెం వికారం ఉన్న మాట నిజమే. వాంతి మాత్రం కాలేదు. అమ్మ నా వైపు వింతగా చూసింది. నేను డాక్టర్లతో ఒక పూర్తి వాక్యం మాట్లాడటమే ఆమెకు ఆశ్చర్యం.

"సరే, అది లేకుండానే చేద్దాం. చాలామందికి అది లేకుండానే గడిచిపోతుంది" అని ఆమె మంచం అంచున కూర్చుంది. మందుల గురించి నిదానంగా చెప్పింది. ఒకటి జ్వరానికి అందరూ వేసుకునేదే. ఇంకొకటి వాపుకు, అది తిన్నాకే వేసుకోవాలి, కడుపులో మంట రాకుండా దానికి తోడు చిన్న గోలీ ఒకటి. రాత్రిపూట వేసుకునేది నరాల లాగుడుకు. దానికి కాస్త మగతగా ఉంటుంది, భయపడొద్దంది. గుడ్డలో చుట్టిన ఐసు పెట్టుకోమంది. లేచేముందు నా వేలు పట్టుకుని, "ఒక్కటే గుర్తు పెట్టుకో. నొప్పి చూసి వేసుకోకు, గడియారం చూసి వేసుకో. నొప్పి ముదిరాక దాన్ని దించడం కష్టం" అంది.

తలూపాను. నా మనసులో మాత్రం వేరే లెక్క నడుస్తోంది. ఈ గోలీలు పనిచేయకపోతే? వీటి వెనక ఇంకేముంది? ఆ సూదే ఉంది. నొప్పి పెరిగి, నేనే నోరు తెరిచి దాన్ని అడుగుతానేమోనని భయం. అడిగితే ఇస్తారు. ఇస్తే నాకు బాగుంటుంది. నా భయమంతా ఆ బాగుండటం గురించే.

నేను షామీర్‌పేట దగ్గర ఒక మందుల కంపెనీలో ప్యాకింగులో పనిచేస్తాను. బెల్టు మీద గోలీల అట్టలు కదిలిపోతుంటే ఖాళీ గడి ఉన్న అట్టను ఏరి పక్కన పడేయడం నా పని. స్టూలు మీద వంగి కూర్చునే ఆ పని వల్లే నడుము పోయిందని నాయిన అంటాడు. ఎందువల్లైతేనేం, ఏడాదిగా ఎడమ పిరుదు నుంచి మడమ దాకా కరెంటు తీగ లాగినట్టుండేది. చివరికి నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు నాకు తెలియకుండానే జారిపోయి వెనక ఉండిపోయేది. అది చూసే ఇక ఆగకూడదన్నారు డాక్టర్లు. జారిన డిస్కు ముక్క తీసేశారు.

ఇంటికొచ్చాక మొదటి రోజులు మేం అనుకున్నదానికంటే తేలిగ్గా గడిచాయి. మా ఇల్లు అత్వెల్లిలో, హైవేకు కాస్త లోపలికి. పగలంతా లారీల మోత, మధ్యమధ్య హకీంపేట వైపు నుంచి వచ్చే విమానాల రొద. విమానం పైనుంచి పోతే కిటికీ రెక్క అదిరేది. ఆ అదురు మంచంలోకి, మంచం లోంచి నా కుట్లలోకి వస్తుందేమోనని ఊపిరి బిగబట్టేదాన్ని. తుమ్ము వస్తే భయం. పక్కకు తిరగాలంటే భయం. నేర్పినట్టు మోకాళ్ళు ముడిచి ఒళ్ళంతా ఒకేసారి కట్టెలాగా దొర్లించి లేచేదాన్ని. కానీ నొప్పి మాత్రం పెద్దగా లేదు. అమ్మ పొద్దున ఇడ్లీ పెట్టి గోలీలు ఇచ్చేది. మధ్యాహ్నం బీరకాయ కూరతో అన్నం పెట్టి ఇచ్చేది. పప్పు పెట్టేది కాదు, కుట్లు చీము పడతాయని. ఐసు మాత్రం దగ్గరికి రానిచ్చేది కాదు.

"సల్లటిది పెడితే నడుము పట్టేస్తది. గా డాక్టరమ్మకు ఏసీల కూసునుడు అలవాటు, గందుకే ఐసంటది" అనేది.

మామ పని నుంచి పోతూ పోతూ తన మోపెడ్ మీద వచ్చి చూసిపోయేవాడు. గడపలోంచే మొదలుపెట్టేవాడు.

"ఏం కోడలా, నడుముల బోల్టులు బిగించిన్రా?"

"బోల్టులు కావు మామా. ముక్క తీసిన్రు."

"తీసినోళ్లు తూకమేసి సూపెట్టిన్రా మరి? మనది మనకియ్యాలె గదా."

"ఊకో తమ్మీ, నవ్విపియ్యకు, కుట్లు గుంజుతయి" అని అమ్మ కసిరేది. కసురుతూనే తనూ నవ్వేది.

నొప్పి లేదని మేం అనుకున్నాం. గోలీలు దాన్ని అణిచిపెట్టి ఉంచాయని మాకు తట్టలేదు. మా పొరపాటు అక్కడ మొదలైంది.

నన్ను ఆపరేషన్‌కు లోపలికి తీసుకుపోయినప్పుడు అమ్మ బయట నిలబడి మొక్కుకుందట. బిడ్డ కాలు తిరిగొస్తే వేంకటేశ్వరస్వామికి బిడ్డతో శనివారం ఒక్కపొద్దు చేయిస్తానని. ఒక్కపొద్దంటే పొద్దంతా అన్నం ముట్టకుండా, సాయంత్రం దీపం పెట్టి దేవునికి చూపించాక ఒక్క పూట తినడం. నా కాలి వేళ్ళు లేస్తున్నాయి. చెప్పు నిలుస్తోంది. కాబట్టి మొక్కు ఆలస్యం చేయకూడదని అమ్మ తొందర. చేయకపోతే ఆ దేవుడు ఇచ్చింది వెనక్కి తీసుకుంటాడేమోనని ఆమె భయం. ఆ మాట ఆమె అనలేదు గానీ, నా పాదాన్ని రోజుకు ఎన్నోసార్లు పట్టుకుని చూసే తీరులో నాకు కనిపించేది.

ఆ శనివారం పొద్దున అమ్మ నాకు తల తుడిచి, బొట్టు పెట్టి, ఒక గ్లాసు పాలిచ్చింది. గోలీల డబ్బా తీయలేదు.

"గోలీలమ్మా?" అన్నాను.

"తిన్నంకనే ఏస్కోమన్నరు గదనే? ఇయ్యాల తింటలేవు గదా. ఖాళీ కడుపుల ఏస్తే కడుపుల పుండైతది. ఎట్లైనా నొప్పి లేదంటున్నవ్. రాత్రికి తిన్నంక అన్నీ ఏస్కుందువు."

ఆమె మాటలో తప్పేమీ దొరకలేదు నాకు. తిన్నాకే వేసుకోవాలన్నది నిజం. నొప్పి లేదన్నదీ నిజమే. పైగా ఈ గోలీలు లేకుండా ఒక పూట ఉండగలిగితే, నాకు ఏ మందూ అక్కర్లేదని తేలిపోతుంది కదా అని లోపల ఒక ఆశ. డాక్టరమ్మ చెప్పిన గడియారం మాట గుర్తుంది. కానీ మొక్కు మీద ఎదురు మాట్లాడాలంటే నాకు నోరు రాలేదు. పాలు తాగి, గోడ వైపు తిరిగి పుస్తకం తెరిచాను.

పొద్దెక్కేదాకా బాగానే ఉంది. తర్వాత అదే పేజీని మళ్ళీ మళ్ళీ చదువుతున్నానని గమనించాను. నడుము దగ్గర ఎవరో వేలు పెట్టి నొక్కుతున్నట్టుంది. కాసేపటికి ఆ వేలు పిడికిలి అయింది. మధ్యాహ్నం దాటేసరికి నడుము నుంచి రెండు వైపులా కండలు బిగుసుకుని, ఊపిరి పీల్చుకుంటే అక్కడ చిక్కుకుంటోంది. ఎడమ కాలిలో పాత తీగ మళ్ళీ కదిలింది. అది కదలగానే నేను భయంతో చల్లబడిపోయాను. తీసేసిన ముక్క ఇంకా అక్కడే ఉందేమో. లేదా కొత్త ముక్క జారిందేమో. ఆపరేషన్ పాడైందేమో. అమ్మను పిలిచాను. నా గొంతు విని అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"నొస్తాందమ్మా. మస్తు నొస్తాంది."

పక్కకు తిప్పబోతే అరిచాను. నేను అరవడం అమ్మ ఎప్పుడూ వినలేదు. నా బాధను నేను మూలుగుగా కూడా బయటికి రానివ్వని మనిషిని. ఆమె నాయినకు ఫోన్ చేసింది, మామకు చేసింది. నాయిన మేడ్చల్లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగ్ చేస్తాడు. ఆయన ఒక్కడే రాలేదు. బండి వెనక మా ఊరి ఆర్‌ఎంపీ డాక్టరును కూర్చోబెట్టుకుని వచ్చాడు. వాళ్ళ వెనకే మామ మోపెడ్ ఆగింది.

ఆర్‌ఎంపీ మంచివాడే. జ్వరాలకు, జలుబులకు మా వాడలో అందరికీ ఆయనే. నా నాడి చూశాడు, కళ్ళు చూశాడు. సంచి జిప్పు తీశాడు.

"గీ గోలీలతోని ఏమైతది? ఇంత పెద్ద ఆపరేషన్‌కు గీ జ్వరం గోలీలా? ఒక్క సూదేస్త. సగం గంటల మంచిగ పండుకుంటది. పెద్ద దవాఖానల ఇచ్చేదే ఇది."

చిన్న గాజు సీస బయటికి తీసి వెలుతురుకు పట్టి చూశాడు. అందులో నీళ్ళలాంటి మందు. దాన్ని చూడగానే నా నోట్లో నీళ్ళూరాయి. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ జరిగింది అదే. నొప్పి ఇంకా తగ్గలేదు, మందు ఇంకా సీసలోనే ఉంది, అయినా నా ఒళ్ళు దానికోసం తయారైపోయింది. ఇక భయం ఉండదు. పడుకుని నవ్వుకుంటూ అమ్మతో ఏవేవో కబుర్లు చెప్పొచ్చు. నా చెయ్యి దుప్పటి లోంచి కొంచెం బయటికి వచ్చింది కూడా.

"ఒద్దు" అన్నాను.

"ఏందే ఒద్దు? పానం పోతాందని ఒర్రుతివి గదా ఇప్పటిదాంక" అంది అమ్మ.

"వాంతులైతయి."

"వాంతులైతె కానీ, నేను ఎత్తిపోస్త. ఏపిచ్చుకో బిడ్డా."

"దవాఖానల పడలేదంటే డోసు ఎక్కువైంటది" అన్నాడు ఆర్‌ఎంపీ నిదానంగా. "నేను సగమే ఏస్త. సగానికి ఏం గాదు."

నాయిన నుదురు రుద్దుకుంటూ నిలబడ్డాడు. "నీ ఇష్టం డాక్టర్ సాబ్. పొల్ల బాధ చూడలేకపోతున్న. జల్దీ ఏదన్న చెయ్యి."

అందరూ నా వైపే చూస్తున్నారు. మామ ఒక్కడు సీస వైపు చూడకుండా, గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. సగం డోసు అన్న మాట నా లోపల తిరుగుతోంది. సగమే కదా. సగానికి ఏమవుతుంది? మామ కూడా మొదట ఒక్క సీసతోనే మొదలుపెట్టి ఉంటాడు.

"ముందు దవాఖానకు ఫోన్ చేస్త" అన్నాను. "వాళ్ళు ఏపిచ్చుకోమంటే ఏపిచ్చుకుంట."

తెలియని నంబరుకు నేనుగా ఫోన్ చేయడం అదే మొదటిసారి. ఇంట్లో గ్యాసు బుక్ చేయడానికి కూడా నాయిననే అడుగుతాను. ముందు ఎవరో ఎత్తారు, నా తడబాటు విని ఆగమన్నారు, పాట వినిపించింది, చివరికి స్పీకరులో మత్తు డాక్టరమ్మ గొంతు వచ్చింది.

"చెప్పమ్మా."

చెప్పాను. ఆర్‌ఎంపీ సూది వేస్తానంటున్నాడనీ చెప్పాను. ఆమె అడిగిన ప్రశ్నలు నన్ను ఇంకా భయపెట్టాయి. జ్వరం ఉందా? కుట్ల నుంచి ఏమైనా కారుతోందా? కాళ్ళ మధ్య మొద్దుబారినట్టుందా? మూత్రం మామూలుగా వస్తోందా? చివరి రెండూ విని నేను ఆగిపోయాను. గదిలో ముగ్గురు మగవాళ్ళు. అప్పుడు మామ గోడ వదిలి కదిలాడు.

"రాండ్రి బావా, బయట నిలవడదాం. డాక్టర్ సాబ్, మీరు గూడ. ఆడివిల్లను డాక్టరమ్మ ఏదో అడుగుతాంది."

వాళ్ళు వెళ్ళాక చెప్పగలిగాను. మొద్దుబారలేదు. మూత్రం వస్తోంది. ఆమె బొటనవేలు పైకి లేపమంది. లేపాను. లేచింది. దాన్ని చూసుకుంటూ ఏడ్చాను.

"పొద్దున మందులు ఎన్నింటికి వేసుకున్నావు?"

"వేసుకోలేదు మేడం."

"మధ్యాహ్నం?"

"వేసుకోలేదు."

"ఎందుకు?"

"ఒక్కపొద్దున్న."

తిడుతుందనుకున్నాను. "అయ్యో తల్లీ" అంది. "నాదీ పొరపాటే, ఉపవాసం సంగతి అడగాల్సింది. విను. నువ్వు చెప్పినదాన్ని బట్టి ఆపరేషన్ పాడైనట్టు లేదు. మందు లేక నొప్పి నీ మీద ఎక్కి కూర్చుంది. జ్వరం గోలీ ఖాళీ కడుపున కూడా వేసుకోవచ్చు, ఇప్పుడే వేసుకో. ఏదైనా తిను, తిన్నాక వాపు గోలీ. పొద్దుటివి కూడా కలిపి రెండేసి వేసుకోకు. ఐసు పెట్టుకో. తగ్గడానికి టైము పడుతుంది, గంట దాటొచ్చు కూడా. అప్పటికీ తగ్గకపోయినా, నేను అడిగినవాటిలో ఏ ఒక్కటి వచ్చినా వెంటనే తీసుకొచ్చేయమను. ఆ ఇంజెక్షన్ మాత్రం ఇంట్లో వద్దు. అవసరమైతే ఇక్కడ మా కళ్ళ ముందు ఇస్తాం."

స్పీకరులో అమ్మ కూడా విన్నది. వెంటనే జ్వరం గోలీ తెచ్చి నోట్లో వేసింది. కానీ తిండి దగ్గర ఆగిపోయింది. గిన్నె మూత మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడింది. నాయిన లోపలికొచ్చి, ఇంకేం చూస్తున్నవ్, అన్నం పెట్టు అన్నా కదల్లేదు.

"పొద్దు గూకలే. దీపం పెట్టలే. మొక్కు సగంల ఇడిస్తే..." అని నా పాదం వైపు చూసింది. దేవుడు ఆ కాలిని తిరిగి తీసుకుంటాడని ఆమె నిజంగానే భయపడుతోంది. ఆమె ముఖం చూసి నాకూ భయమేసింది. తినకపోతే నొప్పి. తింటే, ఒకవేళ అమ్మ భయపడ్డట్టే జరిగితే?

"అక్కా, కోడలి బదులు ఒక్కపొద్దు నేనుంట" అన్నాడు మామ.

"నువ్వా?"

"నేనే. ఇంట్ల ఒకరికి శాతగాకుంటే ఇంకొకరు ఉంటలేరా ఏంది? మన అమ్మకు జ్వరమొస్తే నువ్వుండలేదా? మేనమామను, పరాయోన్ని గాదు. నేను గూడ పొద్దటి సంది చాయ్ తప్ప ఏం తాగలే. మేస్త్రీ అన్నం తిననిస్తే గదా."

"చాయ్‌లు ఎన్ని తాగినవో దేవునికెరుక" అంది అమ్మ. కానీ ఆమె భుజాలు దిగాయి. పొద్దున గుడి నుంచి తెచ్చి నాకు కట్టిన దారం నా మణికట్టు నుంచి విప్పి మామ చేతికి కట్టింది. కళ్ళు మూసుకుని ఏదో అనుకుంది. తర్వాత గబగబా పెరుగన్నం కలిపి నాకు ముద్దలు పెట్టింది. వాపు గోలీ వేసింది. డీప్ ఫ్రిజ్ లోంచి ఐసు ముక్కలు గీకి, టిఫిన్ డబ్బాలో వేసి, తువ్వాల చుట్టి, తనే నా నడుముకు ఆనించింది. సల్లగుంటది, సల్లగుంటది అని గొణుగుతూ.

ఆర్‌ఎంపీ సంచి సర్దుకున్నాడు. సీసను మాత్రం టీవీ పైన పెట్టాడు. "ఉండనీయి. తగ్గకుంటే ఫోన్ కొట్టుండ్రి, రెండు నిమిషాలల్ల వచ్చి ఏస్త." నాయిన ఆయన్ను దింపడానికి వెళ్ళాడు. అమ్మ గిన్నెలు తీసుకుని వంటింట్లోకి పోయింది.

నేను మోకాళ్ళు ముడిచి పక్కకు తిరిగి పడుకుని ఉన్నాను. టీవీ నా ఎదురుగానే ఉంది. సీస కనిపిస్తోంది. గోలీలు ఇంకా కడుపులోనే ఉన్నాయి, నొప్పి అలాగే ఉంది. ఫోన్ నా చేతిలోనే ఉంది. రెండు నిమిషాల్లో వస్తానన్నాడు. నేను కళ్ళు మూసుకుంటే సీస ఇంకా బాగా కనిపిస్తోంది. పన్ను మీద పన్ను పెట్టి గాలి లోపలికి, బయటికి అని నాకు నేనే చెప్పుకున్నాను. అవ్వడం లేదు. ఇంకొంచెం సేపట్లో నేను అమ్మను పిలుస్తాను, ఫోన్ చేయమంటాను అని నాకు తెలిసిపోయింది.

మామ కుర్చీ లాక్కుని వచ్చి నాకూ టీవీకీ మధ్య కూర్చున్నాడు. సీస వైపు వీపు పెట్టాడు. చాలాసేపు మణికట్టుకున్న దారం తిప్పుకుంటూ ఉన్నాడు.

"వాంతులైతయని గాదు గదా?" అన్నాడు, నెమ్మదిగా, వంటింట్లోకి వినిపించకుండా.

ఆయన చొక్కా గుండీ మీద అంటుకుని ఎండిన సిమెంటు చుక్కను చూస్తూ ఉండిపోయాను.

"ఉండనీయి, చెప్పకు" అన్నాడు. "నేనేం అడుగుతలేను." ఇంకాసేపాగి, "నాకు ఇప్పటికి గూడ కంపౌండు ముంగటికెళ్లి పోతే చెయ్యి దానంతట అదే బ్రేకు మీదికి పోతది. గందుకే సుట్టు తిరిగి చెరువు దిక్కుకెళ్లి వస్త. పెట్రోలు దండుగ అంటది మీ అత్త" అన్నాడు. అని నవ్వాడు. ఆ నవ్వులో తమాషా లేదు.

నాకు ఏడుపొచ్చింది. నొప్పికి కాదు. ఏడిస్తే నడుము కదిలి ఇంకా నొప్పేసింది. అది చూసి ఆయన కంగారుపడి, కథ చెప్పు అన్నాడు. ఏం కథ మామా అంటే, నువ్వు సదివే బుక్కులల్ల కథ, ఏదో ఒకటి, నాకేం ఎరుక అన్నాడు. చెప్పడం మొదలుపెట్టాను. మూడు మాటలకోసారి ఆగి ఊపిరి పీల్చుకుంటూ, సిగ్గుపడుతూ చెప్పాను. ఆయన మధ్యమధ్య, గా ముసలోడు పిచ్చోడా ఏంది, పొల్లను గట్ల ఇడిసిపెట్టి పోయిండా అని తగువులాడాడు. కథ సగంలో ఉండగా, రెండు వాక్యాలు ఆగకుండా చెప్పానని తెలిసింది. ఊపిరి ఇంతకుముందులా నడుములో చిక్కుకోవడం లేదు. పిడికిలి ఇంకా ఉంది, కానీ బిగువు వదిలింది. కాలిలో తీగ సన్నబడింది. తగ్గిందని గట్టిగా అనుకోవడానికి భయమేసింది. అనుకుంటే తిరిగొస్తుందేమోనని.

పొద్దు గూకాక అమ్మ దీపం పెట్టింది. నాయిన షెడ్డు నుంచి సామాను తెచ్చుకుంటానని మళ్ళీ వెళ్ళాడు. మామ దేవుని ముందు వంగి లేచి, అమ్మ పెట్టిన అన్నం మూడు మారులు వడ్డించుకుని తిన్నాడు. మొక్కు మంచిగ తీరిందని అమ్మ ముఖంలోకి వెలుగొచ్చింది. రాత్రి గోలీ కూడా తనే గడియారం చూసి తెచ్చిపెట్టుకుంది. మామ చెప్పులు వేసుకుంటుంటే, టీవీ పైనుంచి సీస తీసి ఆయన వైపు చాపింది.

"తమ్మీ, ఆరెంపీ ఇల్లు నువ్వు పోయే తొవ్వలనే గదా. గిదిచ్చి పో."

మామ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"నా చేతికియ్యకు అక్కా. బావ వస్తడు గదా, బావకియ్యి."

"సూడు, గింత సీసకు భయపడుతుండు. అంతెత్తున సెంట్రింగ్ కొట్టేటోడు" అని అమ్మ నవ్వింది. సీసను చీర కొంగులో ముడేసుకుని నాయిన కోసం వాకిట్లోకి పోయింది.

మామ గడప మీద నిలబడ్డాడు. నా వైపు నేరుగా చూడలేదు. బండి తాళంచెవి వేలికి తిప్పుకుంటూ అన్నాడు.

"రేపు గూడ నొస్తది. ఒర్రు, సిగ్గు పడకు. ఆగకుంటే నాకు ఫోన్ జెయ్యి బిడ్డా, ఆరెంపీకి జెయ్యకు."